పెట్టె కింద నాలుగు బల్బులు

1958 సెప్టెంబరు 14, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి మా ఆసుపత్రి ఇంజను ఆగింది. పాడై ఆగలేదు, మేమే ఆపాం. ఏడేళ్ళుగా ఆ చప్పుడు వింటూ పనిచేసిన వాళ్ళం. అది ఆగగానే వార్డులో అందరూ తలలెత్తి చూశారు. నేను గోడగడియారం చూసి చీటీ మీద టైము రాసుకున్నాను. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. టైములన్నీ అందులోంచి తీసి రాస్తున్నవే.

మాది ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య కాలవ గట్టు మీద ముప్పై పడకల మిషను ఆసుపత్రి. ఉంగుటూరు వైపు వరిచేలలోంచీ, దక్షిణాన కొల్లేటి లంకల్లోంచీ రోగులు వచ్చేవారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. కాన్పుల వార్డు నర్సుని. దస్తూరీ బాగుంటుందని రిజిస్టర్లన్నీ నాకే అప్పగించారు.

ఆ ఇంజను ఒక డైనమోని తిప్పేది. అది గాజు జాడీల్లో ఉన్న బ్యాటరీలని నింపేది. ఇంజను పడుకున్నప్పుడు ఆ బ్యాటరీలే దీపాలు వెలిగించేవి. నూట పది వోల్టుల కరెంటు. ఆపరేషన్ మధ్యలో దీపం ఎర్రబడిపోయేది. అందుకని రోడ్డు వెంట స్తంభాలు పాతి కరెంటు తెచ్చినప్పుడు మా డాక్టరమ్మగారు మొదటి నెలలోనే అర్జీ పెట్టారు. కొత్త కరెంటు రెండువందల ముప్పై వోల్టులు. అంటే పాత బల్బు ఒక్కటి కూడా పనికిరాదు. పాతవి మర లాగా తిప్పి బిగించేవి. కొత్తవి నొక్కి తిప్పేవి. కాబట్టి బల్బుతో పాటు హోల్డరు కూడా మార్చాలి.

మారుస్తున్నంతసేపూ ఆసుపత్రి చీకట్లో ఉండకూడదన్నది డాక్టరమ్మగారి పట్టుదల. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన కరెంటు మేస్త్రీ మంచి పనిమంతుడు. తొమ్మిది రోజుల పాటు పాత తీగల పక్కనే కొత్త తీగలు లాగాడు. చివరికి మిగిలింది మెయిను దగ్గర పాత కొసలు విప్పి కొత్త కొసలు కలపడం. దానికి రెండు గంటలు చాలన్నాడు. పగటి పూట, ఆపరేషన్లు లేని రోజు, చర్చి ప్రార్థన అయ్యాక, అని ఆదివారం ఒంటిగంట ఖాయం చేసుకున్నాం.

బల్బుల లెక్క నన్ను తీయమన్నారు. నా దగ్గర దీపాల రిజిస్టరు ఉంది. దాన్ని పట్టుకుని గది గదికీ తిరిగి, తలెత్తి చూసి, టిక్కు పెట్టాను. పెద్ద వార్డు పన్నెండు, కాన్పుల వార్డు పది, ఆపరేషన్ గది ఆరు, వరండాలు పద్నాలుగు, వంటశాల మూడు, నర్సుల క్వార్టర్లు తొమ్మిది, డాక్టరమ్మగారి ఇల్లు నాలుగు. యాభై ఎనిమిది. రిజిస్టరులోనూ యాభై ఎనిమిదే. కొత్త బల్బులూ హోల్డర్లూ సరిగ్గా యాభై ఎనిమిదేసి తెప్పించాం. ఒకటి అటూ ఇటూ లేదు. మేస్త్రీ నవ్వాడు.

“ఏవండీ నర్సమ్మగారూ, దారిలో ఒకటి పగిల్తే ఏం చేస్తారండీ?”

“పగలకుండా తీసుకురండి” అన్నాను.

ఒక్కటీ పగల్లేదు. అది నాకు గర్వంగా కూడా ఉండేది.

ఇక పెట్టె సంగతి. సెప్టెంబరు 5, శుక్రవారం, ఒక లంక ఊరి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు తాటిదోనెలో వచ్చారు. తల్లీ కూతురూ. కూతురికి ఏడో నెల దాటింది. ఫిట్స్ వస్తున్నాయి. సాయంత్రం కాన్పయింది. ఆడపిల్ల, రెండు పౌన్ల పద్నాలుగు ఔన్సులు. నా అరచెయ్యి, మణికట్టు, ఇంకో నాలుగంగుళాలు. అంతే పిల్ల.

అలాంటి పిల్లల కోసం మా దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. మా వడ్రంగి చేసిందే. అడుగున సొరుగు, సొరుగులో నాలుగు బల్బులు. వాటిమీద రేకు, రేకు మీద రెండంగుళాల ఇసుక, ఇసుక మీద దూది పరుపు. పైన గాజు మూత. లోపల తొంభై రెండు డిగ్రీల ఫారన్‌హీటు ఉండాలి. బల్బుల్లో ఒకటో రెండో ఆర్పుతూ వెలిగిస్తూ నేను దాన్ని తొంభై ఒకటికీ తొంభై మూడుకీ మధ్య నిలబెట్టేదాన్ని. పిల్ల అమ్మమ్మ ఆ పెట్టెకి ఒక మూల పాత వల ముక్క కట్టింది, దిష్టి తగలకుండా. నేను తీసేశాను. మర్నాడు మళ్ళీ కట్టింది. ఆ తర్వాత నేను చూడనట్టు ఊరుకున్నాను.

కరెంటు లేని ఆ రెండు గంటలూ పెట్టె చల్లబడకూడదు. అందుకని రబ్బరు వేడినీళ్ళ సీసాలు మూడు సిద్ధం చేశాను. ఇరవై నిమిషాలకొకటి మార్చాలి. ముందు రెండు రోజులూ, శుక్రవారం ఒకసారి, శనివారం ఒకసారి, బల్బులు ఆర్పేసి, పూర్తిగా రెండేసి గంటలు నడిపి చూశాను. రెండుసార్లూ తొంభైకి తగ్గలేదు. డాక్టరమ్మగారు నా చీటీ చూసి, “నిన్ను చూసి నేను నేర్చుకోవాలి” అన్నారు.

అసలు రోజు మబ్బు పట్టింది. రెండున్నరకి వాన మొదలైంది. పెట్టె తొంభైన్నర దగ్గర ఉంది. మూడుంబావుకి మేస్త్రీ వచ్చి, పని అయిపోయింది, మీటరుకి కరెంటు ఆఫీసు ముద్ర కూడా వేయించానని చెప్పాడు. పాత ఇంజనూ డైనమో బ్యాటరీలూ అప్పటికే లారీ ఎక్కాయి. వాటిని తాడేపల్లిగూడెంలో ఒకాయన కొనుక్కున్నాడు. జాడీల్లో యాసిడ్ పారబోసి, కడిగి, గడ్డిలో సర్దేశారు.

“స్విచ్చి మీరే వేసుకోండి డాక్టరమ్మగారూ. మీ చేతి చలవ. నేను లారీతో పోతానండి, ఈ వానకి మట్టిరోడ్డు మీద దిగబడిందంటే ఇంజను దింపడానికి రేపటిదాకా మనుషులు దొరకరు” అన్నాడు మేస్త్రీ.

“అంతా సరిగా ఉన్నట్టేనా?” అని ఆవిడ అడిగారు నన్ను. అతన్ని కాదు.

“యాభై ఎనిమిదికి యాభై ఎనిమిదండి” అన్నాను.

లారీ వెళ్ళిపోయింది. మూడూ ఇరవై అయిదుకి డాక్టరమ్మగారు వరండాలో మెయిను స్విచ్చి పైకి ఎత్తారు. అంతకు ముందే పెట్టె ప్లగ్గు గోడకి నా చేత్తోనే పెట్టి, నాలుగు బల్బుల స్విచ్చీలూ వేసి ఉంచాను. వార్డులో పది దీపాలూ ఒక్కసారి వెలిగాయి. అంత తెల్లటి వెలుతురు అంతకు ముందెప్పుడూ చూడలేదు. వరండాలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నా మోకాళ్ళ దగ్గర్నించి నాలుగు చిన్న చప్పుళ్ళు వినబడ్డాయి. మినపగింజలు పెనం మీద చిట్లినట్టు.

నేను సొరుగు లాగలేదు. లాగక్కర్లేకుండానే తెలిసింది. ఆ పెట్టె వడ్రంగి చేసింది కనక కర్రసామాను రిజిస్టరులో రాసి ఉంది. “పెట్టె, పిల్లలది, ఒకటి” అని నేనే రాశాను. దీపాల రిజిస్టరులో దాని మాట లేదు. దీపాలు లెక్కపెట్టడానికి వెళ్ళి నేను అన్ని గదుల్లోనూ తలెత్తి చూశాను. తల దించి చూడలేదు. కరెంటు పోయే రెండు గంటల గురించి రెండు రోజులు ఆలోచించాను. కరెంటు వచ్చాక ఏమవుతుందో ఒక్క నిమిషం ఆలోచించలేదు.

డాక్టరమ్మగారికి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. సొరుగు లాగి నల్లబడిన నాలుగు బల్బులూ చూసి, “వరండాలోంచి నాలుగు కొత్తవి తీసి పెట్టలేమా?” అన్నారు.

“ఇవి మర హోల్డర్లండి. కొత్తవి ఇందులో దిగవు. హోల్డర్లు మార్చాలంటే మేస్త్రీయే రావాలండి.”

“పాత కరెంటు?”

“లారీ మీద ఉందండి.”

మా కాంపౌండరు సైకిలు తీసుకుని వానలో లారీ వెనకాల బయల్దేరాడు. గూడెం మాకు పదకొండు మైళ్ళు. ఎంతసేపటికి కలుస్తాడో, కలిసినా మేస్త్రీ వస్తాడో రాడో. అప్పటికి మూడూ ముప్పై రెండు.

సీసాలు మళ్ళీ నింపాను. రెండు గంటలు నడిచింది కదా, ఇంకో రెండు గంటలు నడవదా అనుకున్నాను. నడవలేదు. ఎందుకో నాలుగు గంటలకి అర్థమైంది. నేను చేసిన రెండు పరీక్షలూ రెండేసి గంటలే. ఆ రెండు గంటలూ పెట్టెని కాపాడింది నా సీసాలు కావు, రోజుల తరబడి కాగిన ఇసుక. ఇప్పుడు ఆ ఇసుక చల్లారిపోయింది. సీసాల వేడిని అదే తాగేస్తోంది. నాలుగింటికి ఎనభై ఆరు. నాలుగుంబావుకి ఎనభై నాలుగు. స్టవ్ మీద గిన్నెడు నీళ్ళు కాగేలోపు ఇంకో డిగ్రీ పోయేది. మూడో సీసా మూత దగ్గర కారడం మొదలుపెట్టింది, దాన్ని బయట పడేశాను.

పిల్ల పాదాలు నీలంగా మారాయి. ఏడవలేదు. అది ఇంకా భయం. ఆకలికి మూలిగే పిల్ల ఆ గంటసేపూ ఒక్కసారి మూలగలేదు. థర్మామీటరు పెట్టి చూశాను. మా థర్మామీటరులో తొంభై నాలుగుకి కింద గీతలు లేవు. పాదరసం మొదటి గీత దాకా రాలేదు. ఎంత ఉందో రాయడానికి నాకు అంకె దొరకలేదు. ఛార్టులో ఆ గడి ఖాళీగా వదిలేశాను. నా ఉద్యోగం మొత్తంలో నేను ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.

పక్క మంచం మీద పిల్ల తల్లి కళ్ళు తెరిచింది. తొమ్మిది రోజుల తర్వాత ఆ పూటే కాస్త తెలివిగా చూస్తోంది. ఆందోళన పడితే మళ్ళీ ఫిట్స్ వస్తాయని డాక్టరమ్మగారు ముందే హెచ్చరించారు.

“నర్సమ్మా, ఎంత ఎలుగండీ! పెట్టిలో కూడా ఎలుగుతున్నాయాండీ?”

“వెలుగుతున్నాయమ్మా. పడుకో” అన్నాను.

అలా అబద్ధం చెప్పేసి వెనక్కి తిరిగేసరికి అమ్మమ్మ నా ఎదురుగా ఉంది. పొట్టి మనిషి, చేపల బుట్ట మోసి మోసి మెడ ఒక పక్కకి ఒరిగి ఉండేది. రవిక లేదు. పొద్దుటి నుంచీ గోడ వార కూర్చుని నన్నే చూస్తోంది. ఆవిడకి వోల్టుల సంగతి తెలీదు, కాని నా మొహం చదివేసింది.

“పిల్లనిట్టా ఇయ్యి.”

“ముట్టుకోకూడదు మామ్మగారూ. నాలుగు పౌన్ల లోపు పిల్లల్ని బంధువులు ఎత్తకూడదు. రూలు.”

“నీ రూలు సల్లగా ఉంది, నీ పెట్టి అంతకంటే సల్లగా ఉంది. ఇయ్యి.”

“మీ చేతులు కడగలేదు.”

“కడుక్కుంటా. కాళ్ళు కూడా కడుక్కోనా? నువ్వు నీళ్ళు మోసేలోపు నా మనవరాలు బిగుసుకుపోద్ది. కొల్లేట్లో నెల తక్కువ పిల్లల్ని రొమ్ము మీదేసుకునే బతికించుకుంటాం. మాకు పెట్టెలెక్కడియ్యి?”

నాకు అప్పుడు కూడా లెక్కే నోట్లోంచి వచ్చింది. “అలా ఎంతమందిని బతికించారు?”

ఆవిడ కోప్పడలేదు. వేళ్ళు మడిచింది. “నా సేతులతో నలుగుర్ని. ఇద్దరున్నారు. ఒకడు దోనె తోలతన్నాడు. ఒకత్తి అదిగో, నీ మంచం మీద పడుంది.”

సగం. సగం అంటే నాకు తెలుసు, కాని చల్లారిన పెట్టెలో బతికేది ఎంత వంతో నాకు తెలీదు. డాక్టరమ్మగారి వైపు చూశాను. ఆవిడ అప్పటికి పిల్ల గుండె మీద గొట్టం పెట్టి వింటున్నారు. తల ఎత్తకుండానే, “ఇచ్చెయ్” అన్నారు.

నాలుగూ ఇరవై అయిదుకి పిల్లని ఇచ్చాను. అడిగిన వెంటనే ఇవ్వలేదు. ఆవిడ చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగించి, తుడిపించి, అప్పుడిచ్చాను. ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలు కూడా చీటీలో ఉన్నాయి.

వంటశాల పొయ్యి పక్కన పీట వేసి ఆవిడని కూర్చోబెట్టాం. పిల్లని బట్టల్లేకుండా ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టుకుని, పమిట నాలుగు చుట్లు చుట్టి, దానిమీద దుప్పటి కప్పించుకుంది. బయటికి పిల్ల ముక్కు ఒక్కటే కనబడేది, కందిగింజంత. నేను కింద కూర్చుని ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై రెండు. నలభై ఉండాలి. మధ్యలో ఆగేది. ఆగినప్పుడల్లా నేను అయిదు దాకా లెక్కపెట్టి అరికాలి మీద వేలితో కొట్టేదాన్ని. మళ్ళీ మొదలయ్యేది.

వీపు వైపు వేడి చాలదని ఆవిడ మోచేతికీ పిల్లకీ మధ్య ఒక వేడి సీసా పెట్టాను. అయిదు గంటలకి నీళ్ళు మార్చాను. అయిదూ ఇరవైకి మళ్ళీ మార్చాను.

“మాట్లాడండి మామ్మగారూ, నిద్ర రాకుండా” అన్నాను.

“నిద్దరా? నీకొస్తే నువ్వు పడుకో. ఏటి మాట్టాడను? ఈ ఏడు నీళ్ళు మెట్టదాకా వచ్చినియ్యి. కొరమేను లేదు, జెల్ల లేదు. వల తీస్తే నాచే. నువ్వు పెళ్ళి సేసుకోలేదా?”

“లేదు.”

“అందుకే లెక్కలు సేసుకుంటన్నావు.”

నేను నవ్వబోయాను. అప్పుడు పిల్ల ఊపిరి ఆగింది. అయిదూ నలభై. అయిదు దాకా లెక్కపెట్టి అరికాలి మీద కొట్టాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. ఎనిమిది, తొమ్మిది. నా చెవుల్లో ఏదో హోరు మొదలై లెక్క తప్పిపోయింది. పన్నెండో, ఇరవయ్యో, నాకు తెలీదు. “అమ్మా, అమ్మా” అంటున్నది నా గొంతే అని కాసేపటికి తెలిసింది. ఆ ముసలమ్మ కదల్లేదు. తల వంచి పిల్ల మొహం మీద పొడవుగా ఊదింది, పొయ్యి ఊదినట్టు. పిల్ల మూతి ముడుచుకుంది. ఒక చిన్న చప్పుడు, పిల్లి తుమ్మినట్టు. తర్వాత ఏడ్చింది. రెండు గంటల తర్వాత మొదటి ఏడుపు.

నేను లేచి గోడ వైపు తిరిగాను. వంటశాలలో మూడు కొత్త బల్బులూ భగభగ వెలుగుతున్నాయి.

ఆరుంబావుకి థర్మామీటరు మొదటి గీత మీదకి వచ్చింది. ఆరూ యాభైకి తొంభై అయిదు. ఏడుంబావుకి సైకిలు వెనక కూర్చుని మేస్త్రీ వచ్చాడు, నడుం దాకా బురద. ఉంగుటూరు దాటాక లారీ నిజంగానే దిగబడిపోయిందట. అందుకే కాంపౌండరుకి దొరికాడు. నేను చెప్పబోతుంటే వినిపించుకోలేదు. వరండాలో నాలుగు హోల్డర్లు విప్పి తెచ్చి పెట్టె సొరుగులో బిగించాడు. ఏడూ నలభైకి బల్బులు వెలిగాయి.

“నాకు చూపించాల్సిందండీ పెట్టెని” అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. మెల్లగానే అన్నాడు. “నేను కూడా తలెత్తే చూశాననుకోండి.”

ఇసుక కాగి పెట్టె తొంభై చేరేసరికి తొమ్మిదైంది. పిల్లని తీసుకోవడానికి దుప్పటి విప్పితే, అమ్మమ్మ ఎడమ చేతి లోపలి వైపు చర్మం ఊడి సీసాకి అంటుకుని ఉంది. అయిదూ ఇరవైకి నేను మార్చినవి అప్పుడే మరిగిన నీళ్ళు. సీసాకి తువ్వాలు చుట్టడం మర్చిపోయాను. పిల్ల ఊపిరి ఆగాక ఆ సీసాని మళ్ళీ ముట్టుకోనేలేదు. మూడు గంటల నలభై నిమిషాలు ఆవిడ ఆ చెయ్యి కదపలేదు.

“చెప్పలేదేం మామ్మగారూ?”

“సెపితే సీసా తీత్తావు. తీత్తే పిల్ల కదులుద్ది. కదిల్తే నువ్వు మళ్ళీ అమ్మా అమ్మా అంటావు” అంది.

తల్లికి మర్నాడు పొద్దున్న నిజం చెప్పాను. ఫిట్స్ రాలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ముగ్గురూ అక్టోబరు 29, బుధవారం దోనెలో వెళ్ళిపోయారు. అప్పటికి పిల్ల నాలుగు పౌన్ల ఆరు ఔన్సులు.

ఆ రోజు పోయినవి ఇవి. అనుకున్న సమయం రెండు గంటలు. పెట్టె బల్బులు ఆరి ఉన్నది ఆరున్నర గంటలు, అంటే నాలుగున్నర గంటలు ఎక్కువ. బల్బులు నాలుగు. రబ్బరు సీసా ఒకటి. వరండాలో నాలుగు దీపాలు, కొత్త హోల్డర్లు వచ్చేదాకా తొమ్మిది రోజుల పాటు. పిల్ల బరువులో మూడు ఔన్సులు, ఆరు రోజుల్లో తిరిగి వచ్చాయి. పిల్ల ఒంటి వేడి ఎంత పోయిందో గీతలు లేవు కనక చెప్పలేను. అమ్మమ్మ ఎడమ చేతి మీద చర్మం, మూడంగుళాల పొడవు, అంగుళమున్నర వెడల్పు.